గుండీల వారం

సోమవారం: ఏనుగు రంగు.
మంగళవారం: ఏనుగు కాళ్లు, ఒకటి నుంచి నాలుగు.
బుధవారం: ఏ అంటే ఏనుగు, ఏ అంటే ఏరు.
బోరబండ అంగన్‌వాడీ గోడ మీద
నా చేతిరాతతోనే ఉంది వారమంతా.

బొమ్మల పుస్తకం తెరిచాను.
చొక్కా తొడుక్కుని ఏనుగు పెళ్లికి పోతోంది.
పద్దెనిమిది జతల కళ్లూ తొండం మీద వాలతాయనుకున్నా.
నాలుగో పేజీ అడుగున, ఓ మూల,
బొమ్మ గీసినాయన ఊరికే పడేసిన ఎర్ర చుక్క.
తహూరా దాని మీద వేలు పెట్టింది.
"టీచర్, గుండీ పడిపోయింది. ఎవ్వలూ సూస్తలేరు."

నేనూ చూడలేదు,
మూడేళ్లుగా చదువుతున్నా.

ఇక ఏనుగు ఎవరికి కావాలి?
దారం తెగిందా, మేక కొరికిందా,
పాపం చలి పెట్టదా, పెండ్లిల అందరు నవ్వరా?
చార్టు వైపు ఒకసారి చూసి
చూడనట్టే ఊరుకున్నా.

మర్నాడు తహూరా వాళ్లమ్మ
కుట్టుమిషను పక్కనుండే బిస్కెట్ల డబ్బా పంపింది.
చాప మీద బోర్లిస్తే
రేకుల మీద వాన పడ్డ చప్పుడు.
రెండు కళ్లవి ఇటు, నాలుగు కళ్లవి అటు.
బొక్కల్ని కళ్లన్నది నేను కాదు, వాళ్లే.
కళ్లు లేనిదొకటి దొరికితే
"ఇది పండుకున్నది" అని విడిగా పెట్టారు, మెల్లగా.
లెక్క నాలుగు దగ్గర ఆగలేదు.
ఇరవై దాకా పోయి, ఇరవై తర్వాత "శానా" వచ్చింది.

ఇస్సాకు మాత్రం ముట్టుకోలేదు.
వాడి చొక్కాకి పైన పిన్నీసు, కింద పిన్నీసు.
చేతులు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.
పాఠం ఏ పిల్లాడి ఒంటి మీదికి పోయి ఆగుతుందో
ఏ చార్టులో రాసుకుంటాం?

గురువారం సూపర్‌వైజరమ్మ వచ్చింది.
"ఏనుగేది?"
నేను నోరు తెరిచేలోపు శైలు అందుకుంది.
"గుండీ ఎతకనీకి పోయింది మేడం.
ఐతారం ఎర్రగడ్డ అంగట్ల దొరుకుతదంట."
ఆవిడ రిజిస్టరులో ఏదో రాసింది.
నీలం గుండీ ఒకటి వేళ్ల మధ్య తిప్పుతూ
జీపు హారన్ కొట్టేదాకా కూర్చుంది.

శనివారం డబ్బాలోకి లెక్కపెట్టి పోస్తే
ఒకటి తక్కువ.
చాప దులిపాను. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను.
చివరికి పుస్తకం తెరిస్తే
ఏనుగు చొక్కా మీద, ఖాళీగా ఉన్న చోట,
మధ్యాహ్నపు అన్నం మెతుకులతో అతికించిన గుండీ.
ఎర్రది దొరకలేదేమో, తెల్లది.
పక్కనే ఎండిపోయిన చిన్న వేలిముద్ర.

ఎవరని అడగలేదు.
అలమరలో ఆ పుస్తకం ఇప్పుడు
సరిగ్గా మూతపడదు.