కొలత కాగితం

చింతాద్రిపేటలో, కూవం వాసన మలుపు తిరిగే చోట
జ్ఞానముత్తు పాతకాగితాల కొట్టు.
తక్కెడ అతనిది, తూకంరాళ్ళు వాళ్ళ తాతవి,
బేరం మాత్రం నాది.
అతని తమిళం, నా తెలుగు
ముప్పై ఏళ్ళుగా ఒకదాని జేబులో ఒకటి చెయ్యి పెట్టి బతుకుతున్నాయి.

"సార్, సుదందిరం వచ్చింది" అంటాడు ఫోనులో.
అంటే ఒక కట్ట దొరికిందని.
నలభై ఏడుకు ముందుదైతే చాలు,
అతని లెక్కలో అదంతా స్వాతంత్ర్యమే,
తలనూనె ప్రకటనైనా, గిండీ గుర్రప్పందేల ఫలితమైనా.

మొదట్లో మోసపోయాను.
టీ డికాషన్లో ముంచి ఎండేసిన పేపరుకి
మూడువేలు పోశాను.
లాఠీచార్జీ వార్త నిండా యాలకుల వాసన!
ఇప్పుడు ముందు ముక్కుతో చదువుతాను.
అసలుదానికి ఎండిన చింతతొక్కు పులుపు ఉంటుంది.
మడత విప్పితే నుసి రాలుతుంది,
ఆ నుసిలో ఎన్ని ఒత్తులో, ఎన్ని పొల్లులో.

ప్రూఫులు దిద్దిన ముప్పయ్యారేళ్ళ అలవాటు.
ఎప్పుడో పోయిన కంపోజిటరు తప్పుల కింద కూడా
నా గోరు ఆగుతుంది.
"అరెస్టు"కి ఒకచోట ఎత్వం లేదు.
దిద్దను.
మెట్లమీద బూట్ల చప్పుడు వింటూ పేర్చిన అక్షరాలేమో.

బీరువాలో ఒక ఖాళీ కాలమ్ ఉంది.
సంపాదకీయం ఉండాల్సిన చోట తెల్లగా, జానెడు.
ఏం రాశారో, ఎవరు తీయించారో.
కింద మాత్రం పళ్ళపొడి డబ్బా పక్కన ఒకావిడ నవ్వుతోంది.
ఇంటికొచ్చినవాళ్ళకి ముందు అదే చూపిస్తాను.
"ఇందులో ఏముంది?" అంటారు.
అదే, అంటాను.

మొన్న కార్తీకం వానల్లో
జ్ఞానముత్తు ఇచ్చిన కట్టలో జాకెట్టు దొరికింది.
గుడ్డది కాదు, కాగితంది. దర్జీ కొలత.
ముందు ముక్కలు రెండు, వీపు ఒకటి, బుట్టచేతులు రెండు,
గుండుసూదులున్న చోటల్లా తుప్పు పొక్కులు.

వీపు మీద పంతొమ్మిది వందల ముప్పై, మే నెల.
ఉప్పు వండి పట్టుబడ్డవాళ్ళ జాబితా.
వంగవోలు పేరిశాస్త్రి, ఆరు నెలలు.
చెన్నాప్రగడ తాయారమ్మ, నాలుగు.
షేక్ మదారు సాహెబు, ఏడాది, కఠినం.
ఆ తర్వాత పేరు "వెం" దగ్గర
కత్తెర మెడవంపు తిరిగింది.

వెం.
వెంకమ్మా? వెంగళరాయుడా?
వెంపటివారెవరైనానా?
ఎన్ని నెలలు?

ఎగ్మూరు వెళ్ళి ఫిల్ము చుట్టలు తిప్పించాను.
సరిగ్గా ఆ వారం లేదు.
దర్జీ మీద ఒళ్ళు మండింది.
ఊరు ఊరంతా జైలుకి పోతుంటే
నీకు బుట్టచేతులు కావలసొచ్చాయా అని
ఎదురుగా ఉన్నట్టే తిట్టాను.

ఒక రాత్రి కరెంటు పోయింది.
ఏమీ తోచక, కొవ్వొత్తి వెలుగులో
ముక్కలన్నీ బల్లమీద భుజానికి భుజం ఆనించి పేర్చాను.
పాత చిల్లుల్లోంచే సూదులు దూరాయి.
బల్లమీద ఒక చిన్న మనిషి వెల్లకిలా పడుకుంది.
సన్నటి మనిషి.
చంక దగ్గర, అచ్చు లేని అంచులో, పెన్సిలు గీతలు.
కళ్ళజోడు మార్చుకుని చదివాను:
"ఛాతీ ముప్పైరెండు. ఖద్దరు.
ఉతికితే ముడుచుకుంటుంది, అంగుళంన్నర వదలాలి.
బుధవారం లోపు. కోర్టుకి."

కొవ్వొత్తి కాగితానికి దూరంగా జరిపాను.
చాలాసేపు ఆ మెడవంపులో
ఏమీ లేనిచోట వేలు పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు జ్ఞానముత్తు అడిగాడు,
ఆ చినిగిన కట్టకి తూకం వెయ్యడం మరిచానని,
ఇంతకీ ఆ పేరెవరిదో తెలిసిందా అని.
ఛాతీ ముప్పైరెండు, అన్నాను.
అతను తక్కెడ వైపు చూసి
ఏ రాయీ వెయ్యలేదు.