రెండు సెంట్లు

నాగటక్ ఏటికి ఇత్తడి రంగు పులిమినవాడు
అలాన్సన్ పెక్.
గుండీల మర దగ్గర మా అమ్మ థర్జా వేళ్లదీ
అదే రంగు.

గుండీ జారి నేల పడితే
కూలిలో ఒక సెంటు కోత.
వంగి వెతికితే ఇంకొకటి,
మర ఆగిందని.

యుద్ధమప్పుడు సైన్యం కోట్లన్నీ ఆయనవే,
ఆ తర్వాత ఊళ్లో ఓట్లూ.

హార్ట్‌ఫర్డ్ సభలో
నేను మంచినీళ్లందించే కుర్రాణ్ణి.
పదిగంటల పని బిల్లు కొచ్చిన రోజు
లేచి, రొమ్ము విరిచి
"క్రమశిక్షణ..." అన్నాడో లేదో
పొట్టమీది గుండీ పుటుక్కున తెగి
మెట్టు మెట్టూ దిగి
ఎదుటిపక్షం బల్లల కిందికి దొర్లింది.

ఎవరూ నవ్వలేదు.
డెబ్బయ్యేళ్ల మోకాళ్లు వంచి
దీపం పట్టమని నన్నే పిలిచాడు.
చాలాసేపు వెతికాం.

నా బూటు కింద
చల్లగా, గుండ్రంగా ఉందది.