తరుగు

పత్రికకు ఎనిమిది వందల మాటలు రాసి పంపాను.
ద్రవ్యలోటు మీద, వడ్డీ రేట్ల మీద,
ఎన్నికల ముందు మేల్కొని
ఎన్నికలవగానే ముసుగు తన్నే మద్దతు ధర మీద.
ఐదు వందలే వేశారు.
ప్రభుత్వాన్ని నిలదీసిన వాక్యాలు పోయాయి,
ప్రతిపక్షాన్ని నిలదీసినవీ పోయాయి.
మిగిలింది నా ఫొటో,
ఫొటో కింద నా డాక్టరేటు.

హన్మకొండలో ముప్పై ఒక్క ఏళ్లు అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి.
బోర్డు మీద రెండు గీతలు గీసి
అవి కోసుకునే చోట చాక్‌పీసుతో చుక్క పెట్టి
ఇదిగో, ధర అన్నాను.
ఆ చుక్క పెట్టే చెయ్యి ఎవరిదని
వెనక బెంచీ కూడా అడగలేదు.

ఇవాళ పొద్దున్నే ఎనుమాముల యార్డులో చూశాను దాన్ని.
మూడు వేళ్లకు ఉంగరాలు.
బస్తాలోంచి ఒక కాయ తీసి విరిచింది.
పైన పెదవి కూడా విరిచారు.
చుక్క పడింది.

నర్సంపేట అవతలి తండా నుంచి
రాత్రంతా ట్రాలీలో బస్తాల మీద కూచుని వచ్చిన
బానోతు లచ్చు నన్ను అడిగాడు:
"పోయినేడు గిదే తేజ, గిదే చెల్క.
గీయేడు సగం ధర.
నా కాయల కారం తగ్గిందా సారూ?"

చెప్పాను. ఎగుమతులు, నిల్వలు,
ఎక్కడో ఓడరేవులో ఆగిన కంటైనర్లు.
మంచి విద్యార్థిలా విన్నాడు.
"మరి పురుగుమందు డబ్బాకు
గీ సంగతులేవీ తెల్వవా?"

తాలని కొంత, తేమని కొంత,
శాంపిల్‌కని దోసెడు, తూకంలో తరుగు,
తరుగు మీద కమీషను.
లెక్క రాసుకుంటుంటే ఘాటుకు దగ్గు పట్టుకుంది.
కాంటా పక్కన కొమురమ్మ
బస్తాల నుంచి రాలిన కాయలు ఊడ్చుకుంటోంది.
పైన పోస్తే కిందికి దిగుతుంది అభివృద్ధి అని
నేను పరీక్షల్లో పది మార్కులకు ఇచ్చిన ప్రశ్న
ఆమె చీపురు కింద ఉంది.
సగం మట్టి.
"జర కాలు దియ్యి సారూ" అంది.
తీశాను.

సాయంత్రం టీవీలో అడిగారు:
వృద్ధి రేటు ఏడు శాతం దాటింది, మీ అభిప్రాయం?
ముప్పై సెకన్లు సార్.
నోరు తెరిచాను.
పొద్దుటి మిరప గొంతులో లేచింది.
ఇచ్చిన ముప్పై సెకన్లూ దగ్గాను.
ధన్యవాదాలు అన్నాడు యాంకరు,
ప్రకటనలకు పోయాడు.

రాత్రి పదింటికి లచ్చు ఫోను.
టీవీ సంగతి ఎత్తలేదు.
"అమ్మలే సారూ.
కోల్డ్ స్టోరేజీల పెట్టిన, కిరాయి అప్పు చేసి.
ఒక్క ముచ్చట చెప్పుండ్రి,
ఎలక్షన్లు ఎన్నడు?"

లైన్లో ఉండమని
గోడ మీది కేలెండర్ దగ్గరికి నడిచాను,
ఇంకా దగ్గుతూనే.