మూగ హల్లు

కొటొనూలో కరెంటు పోయిన రాత్రిబడి.
హ్వేఫా టీచరు లాంతరు వత్తి పెంచి
నల్లబల్ల మీద ఐదక్షరాలు రాసింది.
"కాలం" అని అర్థం చెప్పింది.
పలికింది మాత్రం ముక్కులోంచి ఒక్క ముక్క: తాం.

"మిగతావేమయ్యాయి?" అంది అసీబా,
రోడ్డు పక్క గాజుసీసాల్లో పెట్రోలు అమ్మే పిల్ల.
"లీటరని చెప్పి నేను ముప్పావే పోస్తే
ఊరుకుంటారా?"

హ్వేఫా కూడా నవ్వేసింది.
"ఒకప్పుడు పలికేవే. నోళ్ళు మారాయి, రాత మారలేదు.
ఫ్రెంచి పెద్దింటిది, పాత సామాను పారెయ్యదు."

పుట్టిల్లు ఎక్కడో సేన్ నది ఒడ్డున.
తుపాకులతో, తూకపురాళ్ళతో, ప్రార్థన పుస్తకాలతో ఓడ దిగింది.
ఓడలు వెళ్ళిపోయాయి, ఇది ఉండిపోయింది.
ఇవాళ దాని సందడంతా ఇటువైపే:
కిన్షాసా బస్సుల్లో, డకార్ చేపల రేవులో,
ఈ వీధి చివర మిరపకాయల బేరంలో.

వెనక బెంచీలో డాన్సూ తాత మెడ తడుముకున్నాడు.
అక్కడేమీ లేదు.
అరవై ఏళ్ళ కింద నత్తగుల్ల ఉండేది, దారానికి గుచ్చి.
బడిలో ఇంటిమాట జారితే మెడలో పడేది,
ఇంకొకడి నోరు జారేదాకా దిగేది కాదు.
సాయంత్రం ఎవడి మెడలో ఉంటే వాడి వీపుకు బెత్తం.

ఆ రోజు గుల్ల డాన్సూది.
మూడు గంటలకు తమ్ముడికి దాహమేసింది.
సిన్, అన్నాడు. నీళ్ళు.
అన్న విన్నాడు.
విని, చెయ్యెత్తాడు.
మర్నాటి నుంచి డాన్సూ బడి మొహం చూడలేదు.

తమ్ముడిప్పుడు మాంట్రియల్ మంచు కింద, రాతి మీద పేరు.
వాడి మనవలు ముగ్గురికి
తాత ఊరి మాట ఒక్కటీ రాదు.
వచ్చిందల్లా ఇదే, గుల్ల కట్టిన భాష.
అందుకే ఉత్తరం.
అందుకే డెబ్బై రెండో ఏట పలకా బలపం.

"మనవలు అని ఎలా రాస్తారమ్మా?"
ఆమె రెండు మాటలు రాసింది.
మొదటిదాని చివర ఒక ఎస్.
"ఇదీ మూగదేనా?"
"ఒంటరిగా ఉంటే మూగదే తాతా.
పక్కన అచ్చు వచ్చి నిలబడిందా, ప్రాణమొస్తుంది. అను."

పెతీ, అన్నాడు. ఆగాడు.
పెతీ జాంఫాం.
ఆ 'జ' దగ్గర బోసినోట్లోంచి గాలి కాస్త ఎక్కువే పోయింది.
లాంతరు ఊగింది. అసీబా చప్పట్లు కొట్టింది.

ఉత్తరం మూడు వాక్యాలు. ఒకదాంట్లో వాతావరణం.
కింద, సంతకం చోట,
నొవీ, అని రాశాడు.
ఒకే అమ్మ బిడ్డ, ఇంటిమాటలో.

రాసి టీచరు వైపు చూశాడు,
పన్నెండేళ్ళవాడిలా, చెయ్యి మెడ మీదే ఉంచుకుని.
ఆమె అటు తిరిగి బల్ల తుడుస్తోంది.