ఎనిడ్ సొరుగు

పియానో శ్రుతి చేయడానికి వచ్చిన డెస్మండ్‌ని
ముందు వంటింట్లో కూర్చోబెట్టింది ఎనిడ్ స్టానిఫోర్త్.
టీ పోసి, మోకాలితో ఒక్క పోటు పొడిచి
తేమకి బిగిసిన సొరుగు లాగింది.
లోపలన్నీ ముళ్ళే.

షెఫీల్డ్ మీద వాన
కొండ దిగి, మూసేసిన కార్ఖానాల కప్పులు తడుపుతూ వస్తోంది.

మనకైతే దేని మాట దానికుంది:
కొమ్మకి పంగ, బాటకి చీలిక,
పాముకి రెండు నాల్కలు,
పళ్ళెం పక్కన పెడితే ముళ్ళ చెంచా.
ఆ ఊళ్ళో అన్నిటికీ ఒక్కటే పేరు, ఫోర్కు.
ఆ ఒక్క మాట మీదే ముప్ఫై నాలుగేళ్ళు కూలి చేసింది ఎనిడ్.
నెత్తిన ఎర్రగుడ్డ, ఒంటికి మందపాటి కాగితాల ఏప్రాను,
ముందు గిర్రున తిరిగే మెరుగుచక్రం.
రోజుకెన్ని చేసేవాళ్ళంటే
"లెక్క ఫోర్‌మన్ రాసుకున్నాడు,
దుమ్ము నేను రాసుకున్నాను" అంటుంది.

"ఇది చేపకి.
ఇది కేకుకి, ఎడమ ముల్లు చూడు, వెడల్పు, కత్తిలా కోస్తుంది.
ఇది సీసా అడుగున దాక్కున్న ఊరగాయ ఉల్లిపాయకి.
ఇదా?
దేనికో నాకూ తెలీదు. ఆర్డరొచ్చింది, చేశాం."

ముల్లు కాదు కష్టం, ముల్లుకీ ముల్లుకీ నడుమ సందు.
తాత ఆ సందుల్నే పొడిరాయి మీద సాన పట్టేవాడు.
రాయి కొంచెం, ఉక్కు కొంచెం లోపలికి పీల్చి
ముప్ఫై రెండేళ్ళకే దగ్గు ఆపేశాడు.

ఓనరు చివరి రోజు పెట్టె మీదికెక్కి
మన దారి ఇక్కడ రెండుగా చీలిందన్నాడు.
"చీలింది వాడి నాలుక" అంది ఎనిడ్.
పంగనామాలు అనే మాట ఆమెకి తెలీదు పాపం,
తెలిస్తే వాడుకునేది.
ఆకారం కూడా సరిగ్గా సరిపోయేది.

లాక్స్‌లీ, రివెలిన్, రెండు చిన్న నదులు
మాలిన్ వంతెన దగ్గర కలుస్తాయి.
ఎదురెక్కి పోయేవాడికి అది చీలిక,
నీటితో దిగేవాడికి కలయిక.
అక్కడే ఓ శనివారం క్లిఫర్డ్ సైకిలుకి ముందు ఫోర్కు విరిగింది.
చక్రం ఒక దారి, మనిషి ఒక దారి.
మోచెయ్యి తుడిచిన రుమాలు
మళ్ళీ తెల్లబడనేలేదు,
పెళ్ళి మాత్రం అయిపోయింది.

నిరుడు అక్టోబర్లో ఆలుగడ్డల మడిలో
అతను గుచ్చి వదిలిన ఫోర్కు అలాగే నిలబడి ఉంది.
పక్క మడి ఆయన రెండుసార్లు చెప్పాడు,
పీకెయ్యమ్మా, తుప్పు పడుతుందని.
పట్టనీ అంది.

డెస్మండ్ జేబులోంచి శ్రుతి ఫోర్కు తీశాడు.
మోకాలి మీద తట్టి, కాడ బల్లకానించాడు.
బల్ల పాడింది. సొరుగులో చేప ఫోర్కులేవో సన్నగా గునిశాయి.
"రెండు కొమ్మలూ ఒకేసారి దూరం జరుగుతాయి,
ఒకేసారి దగ్గరికొస్తాయి.
ఇంత గోల చేస్తున్నా కాడ పట్టుకున్న చేతికి
ఏమంత తెలీదు."

"ఒకటి విరిగితే?"

"మోగదండీ. కాసేపు వణుకుతుంది, అంతే."

ఆమె కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.
పియానో క్లిఫర్డ్‌ది. ఇప్పుడు వాయించేవాళ్ళెవరని
అడగబోయి మానేశాడు డెస్మండ్.

"ఏదీ, అదిలా ఇవ్వు."
శ్రుతి ఫోర్కుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి
ఒక కన్ను మూసింది.
రెండు కొమ్మల మధ్య బొటనవేలు
పైనుంచి కిందికి జార్చింది,
ఆగింది.
"ఎవరు చేశారయ్యా ఇది?
సందులో మెరుగే పెట్టలేదు."

తోలుముక్క కోసం సొరుగు అడుగున వెతకసాగింది.
పియానో ఆగాల్సి వచ్చింది.