పైమన్ను

ఓవర్‌బర్డెన్ అనే మాటకు తెలుగు కావాలట,
సాయంత్రం నాలుగింటికల్లా.
మాసబ్ ట్యాంక్ ఆఫీసు, మూడో అంతస్తు,
పేజీకి నూట ఇరవై నాకు.
రేపు పదింటికి హోటల్లో సంతకాలు.
ఒకే రకం పెన్నులు రెండు
మఖ్మల్ పెట్టెలో అప్పుడే వచ్చి కూర్చున్నాయి.

నిఘంటువులో దొరకలేదు.
సూపరింటెండెంట్ కృపాదానం గారిని అడిగితే
"ఖనిజం మీదున్నదంతానమ్మా,
తీసి పక్కన పోసేది" అన్నారు
పంట్లో ఇరుక్కున్న వక్క తీసుకుంటూ.

అంతా అంటే?
అనుబంధంలో మ్యాపు విప్పాను.
సర్వే నంబరు నూట పద్నాలుగు, కంది.
నూట పదిహేను, కంది, ఒక బోరింగు.
నూట పదహారు, ముప్పై గుంటల శ్మశానం.

మా నాన్న ఇల్లందులో డంపర్ తోలాడు.
ఓబీ అనేవాడు.
ఓబీ గుట్టల మీద జారుడుబండ ఆడిన పిల్లలం,
ఆ రెండక్షరాలకు అర్థం అడగలేదు.
గుట్టన్నాక అక్కడే పుట్టి ఉంటుందనుకున్నాం.

అధిభారం అని రాసి కొట్టేశాను.
ఎవరి మీద భారం, ఎవరికి?
పైమన్ను అని రాశాను.
కృపాదానం గారు కళ్లద్దాలు నెత్తిమీదికి నెట్టి
"మన్నంటే మరీ మన్నులా ఉందమ్మా,
మంత్రిగారు పైకి చదవాలి కదా" అని
ఇంగ్లీషు మాటనే తెలుగక్షరాల్లో దించేశారు.

నాలుగుకు ఐదు నిమిషాలుంది.
ఎనభై నాలుగు పేజీలు, పదివేల ఎనభై రూపాయలు.
ఆ పేజీని కూడా కలిపే
బిల్లు రాశాను.