నాలుగు నిమిషాలు మిగిలుండగా

పడవలు ఇసకలో బోర్లా పడుకోనుండాయి.
ఇంకా ముప్పై నాలుగు దినాలు.
తుమ్మలపెంట పట్టపుపాళెంలో
మా ఇంట్లో చేప ఉడికి వారమైంది.
నిషేధం డబ్బులు ఇంకా పడలా.
ఉప్పుచేపల డబ్బా అడుగున
ఉప్పు మాత్రం మిగిలింది.

కావలి ట్రంకు రోడ్డులో గుడ్డలకొట్టు కూపన్‌కి
నాకు తగిలిందీ నల్ల మిషన్.
కడుపులో ఒక సొరుగు.
నూనె లేకుండా ఏపుతుందంట.
"నూనె లేకుండా ఏపేది ఎండే గదమ్మే"
అనింది మా అత్త కావేరమ్మ,
నలభై ఏళ్ళు కానాగంతలు ఎండబెట్టిన మనిషి.

ఈ పొద్దు పిలకాయల నాయన
కావలి నించి ఒక పెట్టె తెచ్చినాడు,
మేం చేపలు పంపే థర్మాకోల్ డబ్బాలోనే,
ఐసు ముక్కల మధ్యన.
ఎప్పుడూ నిండుగా పోయి ఖాళీగా వచ్చే డబ్బా
మొదటిసారి తిరుగుదారిలో బరువెక్కింది.
ఆయనేమీ అనలా. నేనూ అడగలా.

గీతిక అట్ట వెనక చదివింది,
బళ్ళో నిలబెట్టి చదివించినట్టు:
కరగనియ్యొద్దు. ఒకదానికొకటి తగలనియ్యొద్దు.
రెండొందల డిగ్రీలు, పన్నెండు నిమిషాలు.
సగంలో తిప్పాల.
"కడగొద్దా?"
"కడగొద్దంటవ్వా."
"పసుపు?"
"రాయలా."
అలవాటుగా కత్తిపీట దాకా పోయిన నా చెయ్యి
ఆడ పనేం లేక
వెనక్కొచ్చి కొంగు సర్దుకునింది.

ఎనిమిది ముక్కలు.
బళ్ళో సుద్దముక్కల మాదిరి, కొంచెం లావు.
తల లేదు తోక లేదు పొలుసు లేదు.
తడితే చెక్క మోత.
అమాస చీకట్లో వల లాగతా
వేళ్ళతో తాకి, ఇది సందువ ఇది మాగ అని చెప్పే మనిషి
ఒక ముక్క అరచేతిలో బెట్టుకోని
లైటు కింద అటూ ఇటూ తిప్పి
మళ్ళీ నా చేతికే ఇచ్చినాడు.
"అట్ట మీద చూడు బిడ్డా, ఏం చేపో."
"బాసా, నాయనా."
"ఓ. చెరువుది."
ఆ మాటలో కోపం లేదు.
వీధిలోకి కొత్తగా దిగినోణ్ణి
ఇంటిపేరు అడిగి తెలుసుకున్నట్టుంది.

మిషన్ ఒకటే హోరు.
ధనుష్ నేల మీద బోర్లా పడుకోని
అంకెలు తగ్గేది చూస్తన్నాడు.
ఆరు కాడ సొరుగు లాగి తిప్పినాను,
ఒక పక్క తడారిన ఇసక రంగు.
వాసన? చేప వాసన కాదు, బిస్కెట్టు వాసన.
నాలుగు కాడ కరెంటు పోయింది.

మే నెల. పాళెమంతా ఒక్కసారే "ఓ" అనింది.
ఫ్యాను ఆగె, హోరు ఆగె,
అప్పుడు వినబడింది సముద్రం,
అంతసేపూ ఆడనే ఉండి.

"పొయ్యి మీద పెనం పెట్టేదా?"
"ఉండు. సొరుగు తెరవొద్దు. ఏడి పోద్ది."

నేను పడవెక్కింది ఒక్కసారే, పెళ్ళైన కొత్తలో.
వల ఏసినాక, లాగే ముందర
బీడీ ముట్టించకుండా ఆయన కూర్చోవడం చూసినా.
ఈ రాత్రి ఆ మనిషే
చీకట్లో, మిషన్ పక్కన, మోకాళ్ళు పట్టుకోని.
అత్త దాని వీపు మీద చెయ్యేసి
"ఇంకా ఎచ్చగానే ఉండాది" అనింది,
జొరమొచ్చిన బిడ్డని చూసినట్టు.

కరెంటు వచ్చేసరికి ధనుష్ నిద్రపోయినాడు.
మిషన్ తన లెక్క మర్చిపోయి
సున్నాలు చూపిస్తంది.
"ఎంత పెట్టాల?"
"నాలుగు" అన్నాడు ఆయన, తల తిప్పకుండానే.

పైన కరకర. లోపల తెలుపు, మెత్తన, ఉప్పు తక్కువ.
గీతిక మూడు తినేసింది.
అత్త ఒకటి రెండు వేళ్ళతో చిదిమి
మనవడి ముద్దలో కలిపే ముందు
ముల్లు ఎతికింది.
లేదు.
మళ్ళీ ఎతికింది.
వాణ్ణి తట్టి లేపి నోట్లో పెడతా
"మెల్లిగా నాయనా,
ముల్లుంటాది" అనింది.